తుపాకీకి నేను చేసిన ఆయుధపూజ

మనిషి ప్రాణం తీయాలంటే పగ ఉండాలి, పథకం ఉండాలి, కనీసం కాస్త కోపమైనా ఉండాలి అనుకుంటాం కదా. నాకు ఆ మూడూ లేవు. తలస్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, నుదుట కుంకుమ పెట్టుకుని, పరమ భక్తితో ఒక పెద్దాయన్ని పైకి పంపడానికి సకల ఏర్పాట్లూ చేశాను. ఆయన ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాడు కాబట్టి మీకు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. లేకపోతే ఈ కబురు మీకు జైలు గోడల అవతలి నుంచి వచ్చేది.

అప్పట్లో నాకు పొరుగు రాష్ట్రం రాజధానిలో, మహదేవపురలో ఉద్యోగం. ఏం ఉద్యోగమంటే, పోల్చడం. ఎక్కడో దూరదేశాల్లో ఉన్నవాళ్ళు ఒక వస్తువు కొనేముందు ఏ కంపెనీది మంచిదో అని ఇంటర్నెట్‌లో వెతుకుతారు చూడండి, వాళ్ళ కోసం ఇంగ్లీషులో వ్యాసాలు రాయడం. కుక్కల బిస్కెట్లు పోల్చాను, నాకు కుక్క లేదు. పరుపులు పోల్చాను. నడుం నొప్పికి ఏది మేలో, పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి ఏది హాయో విడమరిచి రాశాను. ఆ రాసిందంతా కె.ఆర్.పురంలోని నా గదిలో చాప మీద బోర్లా పడుకుని రాశాను.

ఒకరోజు మా టీమ్ లీడరు ప్రతాపన్న నా కుర్చీ పక్కకి వచ్చాడు. కడప మనిషి. ఇంగ్లీషు మీటింగుల్లో ఎంత మెత్తగా మాట్లాడతాడో నాతో అంత సూటిగా మాట్లాడతాడు.

"శేషూ, ఇంగ్లండు క్లయింటు ఒకడొచ్చినాడు. షాట్‌గన్లు. క్లేకి ఏది, గేమ్‌కి ఏది, బ్రాండ్ల కంపారిజన్. నువ్వే రాస్తాండావు."

"అన్నా, దీపావళికి కొట్టే రీలు తుపాకీ తప్ప నేను ఇంకోటి ముట్టుకోలేదన్నా."

"పరుపుల మీద రాసినావే, వాటి మీద పడుకోనుంటివా?"

"లేదన్నా."

"మరి?"

కూర్చుని చదివాను. క్లే అంటే యంత్రంలోంచి గాల్లోకి విసిరే చిన్న మట్టి పళ్ళెం. దాన్ని నేల మీద పడకముందే పగలగొట్టాలి. గేమ్ అంటే పక్షుల వేట. మన దేశంలో అది నేరం, వాళ్ళ దేశంలో అది శనివారం సరదా. క్లేకి బరువైన తుపాకీ, పొడుగు గొట్టాలు కావాలి, ఊపు నిలకడగా ఉంటుంది, భుజానికి దెబ్బ తక్కువ. వేటకి తేలికది కావాలి, రోజంతా మోసుకు తిరగాలి కాబట్టి. అర్థమైంది ఇంతే. రాసింది మాత్రం ఒక పుస్తకమంత. ఇటలీ తుపాకీ నడకలో హుందాతనం ఉందన్నాను. టర్కీ తుపాకీ నమ్మకమైన స్నేహితుడన్నాను. తుపాకీ నడుస్తుందా అని నన్ను నేను అడగలేదు.

క్లయింటు అడిగాడు. "ఇది రాసినాయన ఎప్పుడైనా తుపాకీ పట్టుకున్నాడా?" అని ఒకే ఒక్క వాక్యం.

ప్రతాపన్న ముఖం మాడిపోయింది. "స్వయంగా చూసి, కాల్పించి, ఫొటోలు తీసుకొనిరా. లేదంటే ఈ కాంట్రాక్టూ పోతాది, నీ పర్మనెంటూ పోతాది" అన్నాడు.

అలా వెతుక్కుంటూ హొసకోట దాటాక పొలాల మధ్య ఉన్న ఒక షూటింగ్ రేంజికి వెళ్ళాను. దాని యజమాని మునిరాజప్ప. తాతల కాలం నుంచి అక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. ఒకప్పుడు రాగులు పండిన చేలో ఇప్పుడు పళ్ళేలు పగులుతున్నాయి. ఆయన కూతురు సౌమ్య రాష్ట్రం తరఫున పోటీలకు వెళ్ళిన మనిషి. నవ్వడానికి కూడా లైసెన్సు కావాలన్నట్టు ఉంటుంది.

నా సంగతి విని మునిరాజప్ప సంతోషపడ్డాడు. "మంచి టైముకే వస్తివప్పా. రేపు ఆయుధపూజ. తుపాకులన్నీ తుడిచి బయట పెట్టుంటాము, వచ్చి ఫొటోలు తీసుకో. పూజ దినం కాల్చేది లేదు. మర్నాడు దశమికి సౌమ్య కాలుస్తాది, అన్నీ చూసి రాసుకో."

మరుసటి రోజు వెళ్ళేసరికి రేంజంతా మామిడాకులు, అరటి పిలకలు. షెడ్డులో అమ్మవారి పటం కింద ఎర్రగుడ్డ పరిచి మూడు తుపాకులు గోడకి నిలబెట్టారు, గొట్టాలు పైకి ఉండేట్టు. సౌమ్యది ఇటలీది. నేర్చుకునేవాళ్ళకి ఇచ్చేది టర్కీది. మూడోది మునిరాజప్ప సొంతది, మన దేశంలోనే చేసిన పాత జంట గొట్టాల తుపాకీ. చేలోకి అడవిపందులు రాకుండా ఆయన తండ్రి కాలంలో లైసెన్సు తీసుకున్నది. దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకోకూడదన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసిందని మనవి.

గంధం, కుంకుమ, బంతిపూల దండలు పడేసరికి మూడూ ఒకే కడుపున పుట్టిన పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి. తండ్రీకూతుళ్ళిద్దరూ ట్రాక్టరుకీ, జీపుకీ, పళ్ళేలు విసిరే యంత్రానికీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి బయటికి పోతూ నాకో పని అప్పగించారు.

"ఆ ఊదుబత్తీలు అంటించి పెట్టప్పా, వచ్చేస్తాము."

చూడండి, ఇంత చిన్న పని. ఊదుబత్తీలు అంటించాను. మా ఇంట్లో, మీ ఇంట్లో, ఎవరింట్లోనైనా వాటిని దేనికి గుచ్చుతారు? అరటిపండుకి. నేనూ గుచ్చాను. కానీ అవి ఏలక్కి పండ్లు, వేలెడంతవి. ఊదుబత్తీలు మూరెడు. పైగా పొలం మీదినుంచి గాలి. గుచ్చడం, పండు దొర్లడం, ఎర్రగుడ్డ మీద నిప్పు పడడం, నేను అరచేత్తో ఆర్పడం. ఇది కాదని చుట్టూ చూశాను. ఎదురుగా, సరిగ్గా నా ఛాతీ ఎత్తున, దేవుడే నా కోసం చేయించి పెట్టినట్టు, పక్కపక్కన రెండు గుండ్రటి రంధ్రాలు.

మొదట ఊదుబత్తీనే గొట్టంలో వేయబోయాను. అది లోపలికి జారిపోయేటట్టుంది. అప్పుడు నా బుర్ర వెలిగింది. పండు వలిచి, సగం విరిచి, ఒక గొట్టంలో కూరాను. భలే బిగుతుగా కూర్చుంది. దానికి నాలుగు ఊదుబత్తీలు గుచ్చితే సిపాయిల్లా నిలబడ్డాయి. రెండో గొట్టం బోసిగా ఉందని దాని మీద ఒక బంతిపువ్వు పెట్టాను. ఎంత ముచ్చటగా ఉందంటే ఫొటో కూడా తీసుకున్నాను.

అవి కాలిపోయాక పుల్లలు పీకేశాను. పండు రాలేదు. వేలు పెడితే ఇంకాస్త లోపలికి పోయింది. సరే, మెల్లగా చూద్దామనుకునేలోగా బయట బూడిదగుమ్మడికాయ కొట్టే సంబరం మొదలైంది. "రాప్పా, నువ్వూ రా!" అని పిలిచారు. వెళ్ళాను. పులిహోర పెట్టారు. తిన్నాను. రెండోసారి పెట్టారు. ఇక పండు సంగతి నాకెందుకు గుర్తుంటుంది?

దశమి పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని, రేంజికి బయల్దేరేముందు వ్యాసంలో మిగిలిన ముక్క పూర్తి చేద్దామని కూర్చున్నాను. జాగ్రత్తలు అనే భాగం. అలాంటివి ఎవరూ చదవరు కాబట్టి వేరే చోటినుంచి చూసి, మాటలు అటూ ఇటూ మార్చి రాస్తున్నాను. "కాల్చేముందు గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో తప్పనిసరిగా చూసుకోవాలి. లోపల చిన్న గుడ్డపేలిక అడ్డుపడినా చాలు, గొట్టం చీలిపోయి కాల్చేవారి చేతులు, ముఖం..."

ముఖం అన్న దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. గుడ్డపేలికకే చీలితే, ఏలక్కి పండుకి?

కాఫీ ఒలికింది. ఫోను తీసి మునిరాజప్పకి కొట్టాను. మోగుతోంది, ఎత్తడం లేదు. సౌమ్యకి కొట్టాను. అదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రేంజిలో కాల్పులున్న రోజు ఫోన్లన్నీ గేటు దగ్గర బుట్టలో పెట్టాలని నియమం. ఆ నియమాన్ని మెచ్చుకుంటూ నేనే ఒక పేరా రాశాను.

సరే, ఏ తుపాకీలో పెట్టాను? ఇదీ అసలు ప్రశ్న. మూడు దేశాల తుపాకుల్ని వరుసల్లో పెట్టి పోల్చిన మొనగాణ్ణి, నాకు తెలియలేదు. ఇటలీది, టర్కీది ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండేవి, మునిరాజప్పది పక్కపక్కన ఉండేది. నాకు పక్కపక్కన కనబడ్డాయి కదా, తేలిపోయింది అనుకుంటారేమో. మీద గొట్టం ఉన్న తుపాకీని పక్కకి తిప్పి నిలబెడితే అవీ పక్కపక్కనే కనబడతాయండీ! ఫొటో తెరిచాను. బ్రహ్మాండంగా వచ్చింది. పొగ, పూలు, నాలుగు ఊదుబత్తీలు. తుపాకీ ఎక్కడా కనబడలేదు.

బండి తీశాను. మా ఇంటి ఓనరు నిన్న దాని హ్యాండిలుకి రెండు వైపులా అరటి పిలకలు కట్టాడు. వాటిని విప్పే ఓపిక ఎవరికుంది? ముఖానికి ఆకులు కొట్టుకుంటుంటే పాత మద్రాసు రోడ్డెక్కాను. ముందు లారీకి పిలకలు, పక్క బస్సుకి పిలకలు, తోటలో ట్రాఫిక్ జామ్ అయినట్టుంది. అడుగడుగునా పగిలిన గుమ్మడికాయలు. ఒకదాని మీద చక్రం జారి, బండి ఒకవైపు, నేను ఒకవైపు పడ్డాం. మోకాలు చిరిగింది. ఒకాయన లేపుతూ "నోడ్కొండ్ హోగ్రీ, యాకిష్టు అర్జెంటు?" అన్నాడు. చూసుకుని వెళ్ళండి, అంత తొందరేమిటని. "అరటిపండు!" అన్నాను. ఆయన నా చేయి వదిలేశాడు.

ఇక్కడ మీరు నవ్వుతున్నారని తెలుసు. నాకు ఆ రోజు నవ్వు రాలేదు. నిన్న నాకు రెండోసారి పులిహోర వడ్డించిన ఆ సౌమ్య ముఖం, నన్ను "అప్పా" అని పిలిచిన ఆ పెద్దాయన చేతులు, ఇవే కళ్ళ ముందు. వాళ్ళు గొట్టం చూసుకుంటారు, తప్పక చూసుకుంటారు అని సర్దిచెప్పుకున్నాను. సౌమ్య సంగతి నమ్మకమే. పెద్దాయన నిన్న కుంకుమ డబ్బా అనుకుని పసుపు డబ్బాలో వేలు పెట్టాడు. ఆ సంగతి గుర్తుకొచ్చి బండి వేగం పెంచాను.

రేంజి మలుపు తిరిగేసరికి ఢాం అని వినపడింది.

బండి ఆపేశాను. ఊపిరి కూడా ఆపేశాను. కేక ఏదైనా వినబడుతుందా అని చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఢాం. ఢాం. వరుసగా, తీరుబడిగా. అంటే మొదటి తుపాకీ ఖాళీయే. కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ కాస్త వేరే చప్పుడుతో ఢాం, ఢాం. రెండోదీ ఖాళీయే. మిగిలింది ఒక్కటి. నా జీవితంలో తుపాకుల మధ్య తేడాని చెవులతో కనిపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

గేటు దగ్గర బండి పడేసి పరిగెత్తాను. పొలం అవతల ఎర్రజెండా ఎగురుతోంది. జెండా ఎగిరితే గీత దాటి ఒక్క అడుగు వేయకూడదు. గీతకి ఆవల మునిరాజప్ప తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, చెవులకి పెద్ద డబ్బాలు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో తన తండ్రి తుపాకీ. పక్కన సౌమ్య, ఆమె చెవులకీ డబ్బాలే.

"ఆపండి!" అని అరిచాను. వినపడలేదు.

"మునిరాజప్పా! పండూ! పండూ!"

ఆయన తుపాకీని మడత దగ్గర విరిచి తెరిచి, గొట్టాల్లోంచి ఆకాశంలోకి చూశాడు. హమ్మయ్య అనుకున్నాను. చూశాడు కదా, కనబడుతుంది కదా. ఆయన ఒకసారి కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ చూశాడు. తల అడ్డంగా ఆడించాడు. తూటాలు పెట్టి, తుపాకీ మూసేసి, భుజానికి ఎత్తాడు.

నేను గీత దాటాను. సౌమ్య నన్ను చూసి "స్టాప్! రేయ్, స్టాప్!" అని కేకపెట్టింది. అంతవరకూ నన్ను సర్ అనేది. పళ్ళెం గాల్లోకి లేచింది. నేను వెనకనుంచి వెళ్ళి మునిరాజప్ప నడుం పట్టుకుని బురదలోకి లాగాను. తుపాకీ ఆయన చేతిలోంచి జారింది, పేలలేదు. పళ్ళెం మాత్రం తన దారిన తాను పోయి ఎక్కడో మెత్తగా పడింది.

సౌమ్య నా కాలరు పట్టుకుని లేపింది. "పిచ్చెక్కిందా నీకు? మా నాయన్ని ఏం చేస్తా ఉండావు?"

"గొట్టం... గొట్టంలో..."

"గొట్టంలో ఏముండాది?"

"అరటిపండు."

ఆమె నన్ను వదిలి తుపాకీ విరిచి, తూటాలు తీసి, ఆకాశానికేసి చూసింది. ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూశాను. గొట్టాలు తుడిచే పొడుగు కడ్డీ తెచ్చి ఒకవైపు నుంచి నెట్టింది. నల్లబడ్డ పండు ముక్క, అందులో విరిగిన ఊదుబత్తీ పుల్లతో సహా, జారి మునిరాజప్ప పంచె మీద పడింది.

ముగ్గురం దాని మీదికి వంగాం.

"ఇది లోపలికి ఎందుకు పోయింది?" అంది సౌమ్య.

"ఊదుబత్తీలు పడిపోతా ఉంటే... నిలబడాలని..." నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. "కొట్టండి. పోలీసులకి పట్టించండి. ఏమైనా చేయండి."

మునిరాజప్ప పంచె మీది ముక్కని తీసి, అటూ ఇటూ తిప్పి, కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నాను. ఆయన నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

"నా కన్ను బాగుండాదప్పా!" అన్నాడు. "బాగుండాది! ఇప్పుడు చూస్తిని కదా, ఒక గొట్టంలో వెలుగుండె, ఒక గొట్టంలో చీకటుండె. అయిపోయె, కంటికి పొర వచ్చేసె అనుకుంటిని. ఈ సౌమ్యకి చెప్తే తుపాకీ వాపసు ఇచ్చేసి ఇంట్లో కూచోమంటాదని గమ్మునుంటిని!"

సౌమ్య తండ్రివైపు తిరిగింది. అంతవరకూ నా మీదున్న కోపమంతా దిశ మార్చుకుంది.

"ఒకే కంటితోనే కదా చూసినావు? ఒక గొట్టం వెలుగు, ఒక గొట్టం చీకటి ఎట్ల కనబడుతాది నాయనా? ఆలోచన చేయొద్దా?"

"ముసలి కన్ను కదమ్మా. దానిష్టం."

ఆమె చెవుల డబ్బాలు తీసి నేలకేసి కొట్టి, తండ్రి చెయ్యి పట్టుకుని, ఆ చేతిలో ముఖం దాచుకుని ఏడ్చింది. మేం ముగ్గురం ఆ బురదలో పండగపూట అలా ఏడుస్తుంటే నా ఫోను మోగింది. నియమం ప్రకారం బుట్టలో పెట్టలేదు కదా, జేబులోనే ఉంది. ప్రతాపన్న.

"శేషూ, చూసినావా? మూడింట్లో ఏది సేఫు? క్లయింటు అడుగుతాండాడు."

"నేను దూరంగా ఉంటే మూడూ సేఫేనన్నా" అన్నాను.

ఆ వ్యాసం సౌమ్యే పక్కన కూర్చుని దిద్దింది. ఇటలీ తుపాకీ హుందాగా నడవడం మొదట్లోనే కొట్టేసింది. జాగ్రత్తల భాగం మాత్రం నేను ఎవరిదీ చూడకుండా రాశాను. అది చదివి క్లయింటు, ఈయన నిజంగానే తుపాకీతో బాగా పరిచయం ఉన్న మనిషిలా ఉన్నాడు అన్నాడట. నా ఉద్యోగం పర్మనెంటయింది. పెద్దాయన్ని సౌమ్య కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. పసుపు డబ్బా పొరపాటుకి అద్దాలిచ్చారు, తుపాకీ ఆయన దగ్గరే ఉంది. ఏటా నవరాత్రులు మొదలవగానే ఆయన ఫోను చేస్తాడు. "ఆయుధపూజకి రాప్పా, మరిచిపోవద్దు. చేతులు ఊపుకుంటా రా. పండ్లు మేమే తెచ్చుకుంటాము."

కాబట్టి, చదువరులారా, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా ఆ రోజు నన్ను చూసి ఊరికే పోయిన అగ్నిదేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేవుడికి ఊదుబత్తీలు అంటించినా, అవి కాలి కాలి వేళ్ళు చురుక్కుమనేదాకా చేత్తోనే పట్టుకుని నిలబడతాను.